దాళ్వా వంతులు, చేలో కొలత

1997 నాటి ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం ప్రకారం సీజనుకి నీటి వంతుల పట్టిక వెయ్యాల్సింది నీటి వినియోగదారుల సంఘమే. కానీ గోదారి సన్నబడి, సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల కోసం చూసే దాళ్వాలో (రబీ వరిలో) పట్టికొక్కటే చాలదు, చేలోనూ కొలత కావాలి.

దానికి 30 సెంటీమీటర్ల పీవీసీ పైపు చాలు, కింది 20కి చిల్లులు. ఆ 20 భూమిలోకి దించి లోపలి మట్టి తీసెయ్యండి. తియ్యకపోతే మట్టం తప్పు చూపిస్తుంది, చాలామంది తియ్యరు! నాటిన రెండు వారాల తర్వాత, పైపులో నీళ్లు నేలకి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి. పూతప్పుడు మాత్రం 5 సెంటీమీటర్లు నిలవాలి, లేదంటే తాలు. కలుపు కాస్త పెరుగుతుంది, చూసుకోవాలి.

సముద్రం పక్క చౌడు చేలకి ఇది వద్దు. ఆరితే ఉప్పు పైకి తేలుతుంది. ఎగువ రైతులు పాటిస్తేనే కాలవ శివారు చేలకి నీళ్లు. పాటిస్తారా అంటే, వంతు రోజు రాత్రి బోదె గట్టు మీద కాపలా తప్పదు మరి.