కారు కొన్నవాడిది, స్టీరింగు కినెట్టిది

మన బడి బ్యాచ్ తెస్తున్న ఈ సంచికకి మన సైన్సు మాస్టారి గురించి చాలామందే రాస్తున్నారట. ఆయన బెత్తం, సైకిలు వాళ్ళకే వదిలేస్తున్నాను. ఆయన మనకి పరిచయం చేసిన కారు పందాల డ్రైవరు లుయిజీ కినెట్టి గురించి మాత్రం ఎవరూ రాయరని నా నమ్మకం.

నాలుగు స్ట్రోకుల ఇంజను పాఠం గుర్తుందా? రాజమండ్రి పాత పుస్తకాల కొట్లో ఏరుకొచ్చిన ఇంగ్లీషు పత్రిక బల్ల మీద పెట్టి, మాస్టారు కార్బ్యురేటర్ దగ్గర పాఠం ఆపేసి ఫ్రాన్సు వెళ్ళిపోయారు. 1949, లె మాన్. యుద్ధం తరవాత అక్కడ జరిగిన మొదటి 24 గంటల పందెం. కారు ఫెరారీ 166 ఎం.ఎం., రెండే లీటర్ల ఇంజను, దానికి పన్నెండు సిలిండర్లు. కారు సెల్స్‌డన్ అనే ఇంగ్లీషు ప్రభువుది. ఆయనా కినెట్టీ వంతులవారీగా నడపాలి. కానీ ఆయన నడిపింది బహు కొద్దిసేపు. మిగతా 22 గంటల పైచిలుకూ కినెట్టే నడిపాడు, నలభై ఏడేళ్ళ వయసులో. 3,100 కిలోమీటర్లు దాటించి గెలిచాడు. లె మాన్‌లో ఫెరారీకి అదే మొదటి గెలుపు. కినెట్టికి మూడోది, 1932, 1934లలో ఆల్ఫా రోమియో మీద గెలిచాడు.

"కారు పేరు మీకందరికీ వచ్చేసింది. నడిపిందెవర్రా?" అని అడిగారు మాస్టారు. వెనక బెంచీలో ఎవడో "సెల్స్‌డన్ అండీ" అన్నాడు. ఆ పీరియడంతా వాడు నిలబడే ఉన్నాడు.

మిగతా కథ తరవాత నేను చదువుకున్నాను. కినెట్టి 1940లో ఇండియానాపోలిస్ పందానికని మజెరాటీ కార్లతో అమెరికా వెళ్ళి, యుద్ధం వల్ల అక్కడే ఉండిపోయాడు. యుద్ధమయ్యాక, మీ కార్లు అమెరికాలో అమ్ముతానని ఎంజో ఫెరారీకి చెప్పినవాడు ఇతనే. అమ్మాడు కూడా. నార్త్ అమెరికన్ రేసింగ్ టీమ్ అని సొంత జట్టు పెట్టాడు. 1965లో ఫ్యాక్టరీ పంపిన ఫెరారీలు మూలపడితే లె మాన్ గెలిచింది ఈ డీలరు పంపిన 250 ఎల్.ఎం. ఫెరారీ. నడిపినవాళ్ళు యోకెన్ రింట్, మాస్టెన్ గ్రెగరీ. ఇన్ని చేసినా ఫెరారీ అనగానే జనానికి ఎర్ర రంగూ గుర్రం బొమ్మే. కినెట్టి 1994లో పోయాడు.

నాకు రావులపాలెంలో ట్రాక్టర్ల షోరూం ఉంది. ఇటు రైతు హార్స్‌పవర్ అడగడు. "దమ్ములో దిగబడదు గదా?" అంటాడు. కంపెనీ పుస్తకంలో ఆ జవాబుండదు. అందుకే కొత్త మోడలొస్తే దమ్ము చక్రాలు వేయించి, సార్వా నాట్లకి ముందు ఎవరి చేలోనో ఓ పూట నేనే తోలతాను. ఏసీలో కూర్చుని అమ్మేవాళ్ళు అమ్మట్లేదా అని మా అబ్బాయి విసుక్కుంటాడు. అమ్ముతున్నారు, నాకంటే ఎక్కువే. అయినా తోలని బండి గురించి రైతుకి మాట ఇవ్వడం నా వల్ల కాదు.

1965 తరవాత ఫెరారీ లె మాన్‌లో మళ్ళీ మొదటి స్థానంలో నిలిచింది 2023లోనే. ఆ వార్త మన బ్యాచ్ గ్రూపులో పెడితే బొటనవేళ్ళు, పూలగుత్తులు బోలెడు వచ్చాయి. ఒక్కడు మాత్రం "నడిపిందెవర్రా?" అన్నాడు. ఆ రోజు పీరియడంతా నిలబడ్డవాడే. పియర్ గ్విది, కలాడో, జొవినాజీ అని ముగ్గురి పేర్లూ రాసి పంపాను.