ఎనిమిదో నిమిషం దగ్గర

నా ఫోనులో 38 నిమిషాల రికార్డింగు ఒకటి ఉంది. గొంతు నాదే. ఆరేళ్ల కిందట జరిగిన కారు ప్రమాదాన్ని, ఇప్పుడే జరుగుతున్నట్టు, కళ్లు మూసుకుని చెప్పిన మాటలు. దాన్ని రోజూ ఇంట్లో వినమన్నారు థెరపిస్టు. భయపెట్టే జ్ఞాపకం నుంచి పారిపోకుండా దాని దగ్గరే కూర్చుంటే, అది జరిగిపోయిన విషయమని మెదడు మెల్లగా నేర్చుకుంటుంది. ఎక్స్‌పోజర్ చికిత్స అంటే అదే.

నేను ఎనిమిదో నిమిషం దాటలేకపోయాను. అక్కడ వైపర్ వస్తుంది. కారు చెట్టుకు గుద్దుకుంది, వాన కూడా వెలిసింది, అయినా పగిలిన అద్దం మీద వైపర్ గరగరమంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. స్టీరింగు ముందు అన్నయ్య కదలడం లేదు. వైపర్ కదులుతోంది. ఆ మాట వినబడేసరికి చేతులు చల్లబడిపోయేవి, చెవుల్లో హోరు మొదలయ్యేది. రికార్డింగు ఆపేసేదాన్ని. నాలుగు వారాలకు చికిత్సే మానేశాను.

నాకు ధైర్యం చాలలేదని చాలాకాలం నన్ను నేనే తిట్టుకున్నాను. ఈ చికిత్సను మధ్యలో వదిలేసేవారు చాలామంది ఉంటారని తర్వాత తెలిసింది. వాళ్లకోసం, అంటే పీటీఎస్‌డీతో (ఘోరం జరిగిపోయాక కూడా మనసును వదలని భయంతో) ఉన్న నాలాంటివాళ్ల కోసం, ఎండీఎంఏ అనే మందును పరీక్షిస్తున్నారని చదివిన రోజు రాత్రి నిద్రపోలేదు.

ఎండీఎంఏను జర్మనీలోని మెర్క్ సంస్థ 1912లోనే తయారుచేసింది. 1970లలో అమెరికాలో కొందరు థెరపిస్టులు తమ గదుల్లో వాడటం మొదలుపెట్టారు. 1985లో అక్కడి ప్రభుత్వం నిషేధించింది. మరుసటి ఏడాది రిక్ డోబ్లిన్ మ్యాప్స్ అనే సంస్థను స్థాపించి, దీన్ని మళ్లీ వైద్యంలోకి తేవడానికి దశాబ్దాలు వెచ్చించారు. ఎల్ఎస్‌డీలా, సైలోసైబిన్‌లా ఇది లేని దృశ్యాలను చూపించే మందు కాదు. మెదడులో మనఃస్థితిని నడిపే సెరొటోనిన్ అనే రసాయనం ఒక్కసారిగా వెల్లువెత్తుతుంది, ఎదుటివారిపై నమ్మకంతో ముడిపడిన ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుంది, భయాన్ని పసిగట్టే అమిగ్డలా కాస్త నెమ్మదిస్తుంది. మనిషి స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు, జరిగినది చెబుతాడు. జ్ఞాపకం చెరిగిపోదు. దాని దగ్గర నిలబడేందుకు కాస్త వ్యవధి దొరుకుతుంది. నాకు ఎనిమిదో నిమిషం దగ్గర కావలసింది సరిగ్గా అదే.

పరీక్షల్లో చికిత్స ఎలా సాగిందో చదివినప్పుడు ఒక లెక్క వేసుకున్నాను. ముందు మూడుసార్లు పరిచయ సమావేశాలు. తర్వాత నెలకొకటి చొప్పున మూడు మందు సెషన్లు, ఒక్కొక్కటి దాదాపు ఎనిమిది గంటలు, గదిలో ఇద్దరు థెరపిస్టులు. ఒక్కో సెషన్ తర్వాత, పైకి వచ్చినదాన్ని అర్థం చేసుకోవడానికి మరో మూడు సమావేశాలు. మొత్తం 40 గంటలకు పైగా మనుషుల తోడు. మందు ఇచ్చిన రోజులు మూడంటే మూడు. "మాత్రతో పీటీఎస్‌డీ మాయం" అని రాసేవాళ్లు ఈ లెక్క చూడరు.

2021లో వచ్చిన మూడో దశ, అంటే అనుమతి కోరే ముందు జరిపే పరీక్ష ఫలితాల్లో, మందుతో పాటు థెరపీ పొందినవారిలో 67 శాతం మందికి పీటీఎస్‌డీ నిర్ధారణ లక్షణాలు లేకుండా పోయాయి. మందు లేని ఉత్త మాత్రతో అదే థెరపీ పొందినవారిలో 32 శాతం. 2023లో వచ్చిన రెండో పరీక్షలో అవి 71, 48. అందరూ 71ని పట్టుకున్నారు. నా కళ్లు 48 మీద ఆగిపోయాయి. మందు లేకుండా, ఓపికగా పక్కన కూర్చున్న మనుషులతోనే దాదాపు సగం మంది ఒడ్డెక్కారు.

2024 జూన్‌లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సలహా సంఘం, ఈ చికిత్స పనిచేస్తుందనడానికి ఆధారాలు చాలవని 9-2 ఓట్లతో తేల్చింది. ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించి మరో పరీక్ష చేయమంది. ఆ రోజు ఏడ్చాను. కోపం చల్లారాక కారణాలు చదివాను. మందు అందినవారికి అది మందేనని తెలిసిపోతుంది కాబట్టి ఆశ ఎంత పనిచేసిందో, మందు ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. అంతకంటే నన్ను కలచివేసింది మరొకటి. కెనడాలో జరిగిన అంతకుముందు దశ పరీక్షలో థెరపిస్టులు ఒక మహిళ పట్ల హద్దులు మీరారు. ఆ సెషన్ వీడియో తర్వాత బయటికి వచ్చింది.

ఎదుటివారిపై నమ్మకం పెంచే మందు ఇచ్చి, ఆ నమ్మకాన్నే వాడుకోవడం! గాయపడినవారి పట్ల అంతకంటే పెద్ద ద్రోహం నాకు తెలియదు. అందుకే ఆ నిరాకరణను నేనిప్పుడు తప్పుపట్టను. ఈ మందు రావాలని ఎంత కోరుకుంటున్నానో, ఆ గది తలుపు వెనక ఎవరు కూర్చుంటారో, వాళ్లను ఎవరు గమనిస్తారో తేలాకే రావాలని అంతే గట్టిగా కోరుకుంటున్నాను. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి ప్రత్యేక అనుమతి ఉన్న మనోవైద్యులు మాత్రమే దీన్ని ఇవ్వగలరు. బయట దొరికే బిళ్లతో ఇంట్లో ప్రయత్నిద్దామని నాకు ఉత్తరం రాసిన ఒకరికి ఇదే చెప్పాను: అందులో ఏముందో తెలియదు, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, జ్ఞాపకం తలుపు తెరుచుకున్నాక పక్కన ఎవరూ ఉండరు. దయచేసి వద్దు.

ఆ 48 నన్ను మళ్లీ చికిత్సకు పంపింది. ఈసారి వేరే థెరపిస్టు. మొదటి మూడు వారాలు ప్రమాదం ఊసే ఎత్తలేదు ఆవిడ. తర్వాత రికార్డింగును తన గదిలోనే, నా ఎదురుగా కూర్చుని వినిపించారు. ఎనిమిదో నిమిషంలో చేతులు చల్లబడ్డాయి. "కుర్చీ చేతులు గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగారు. "మీ గదిలో" అన్నాను. రికార్డింగు ఆపలేదు.

పదకొండో నిమిషంలో నా గొంతు ఒక మాట చెప్పింది. అన్నయ్య మీదుగా చేయి చాపి, వైపర్‌ను నేనే ఆపానట. ఆపినట్టూ గుర్తులేదు, ఆపానని చెప్పినట్టూ గుర్తులేదు.