ఏలీ పోల్చుకున్న పిలుపు

సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం సండే స్కూలు రోజుల నుంచి మనకు తెలిసిందే. దేవుడు పేరు పెట్టి పిలిస్తే, యాజకుడైన ఏలీ పిలిచాడనుకొని పిల్లవాడైన సమూయేలు లేచి ఆయన దగ్గరికి పరుగెత్తాడు. "నేను పిలవలేదు, పోయి పడుకో" అన్నాడు ముసలాయన. రెండోసారీ అదే మాట. మూడోసారికి గాని ఆయనకు సంగతి అర్థం కాలేదు.

ప్రసంగాల్లో మనం సమూయేలునే మెచ్చుకుంటాం. నా మనసు మాత్రం ఈమధ్య ఏలీ దగ్గరే ఆగిపోతోంది. చూపు మందగించింది. కొడుకుల్ని అదుపులో పెట్టలేకపోయాడన్న మచ్చ ఉంది. అయినా "నీ దాసుడు ఆలకించుచున్నాడు, ఆజ్ఞయిమ్ము" అని చెప్పమని ఆ పిల్లవాడికి నేర్పింది ఆయనే. పిలిచింది దేవుడే అయినా, ఆ గొంతు ఎవరిదో పోల్చి చెప్పడానికి ఒక పెద్దమనిషి కావలసివచ్చాడు.

మా మెథడిస్టు సంఘాల్లో పాస్టరు కావాలంటే "నాకు పిలుపు వచ్చింది" అంటే సరిపోదు. ముందు సొంత సంఘం ఒప్పుకొని సిఫారసు చేయాలి. ఇది ఆఫీసు పద్ధతిలా ఉందని కొందరు విసుక్కుంటారు. నేను విసుక్కోను. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ విషయమే చూడండి. 1740 ప్రాంతంలో ఆయన ఊళ్లో లేనప్పుడు థామస్ మ్యాక్స్‌ఫీల్డ్ అనే యువకుడు, పాస్టరుగా అభిషేకం లేకుండానే లండన్ సంఘంలో ప్రసంగాలు మొదలుపెట్టాడు. ఆపేద్దామని వెస్లీ హడావుడిగా వచ్చాడు. తల్లి సుసన్నా అడ్డుపడింది. నిన్ను పిలిచినట్టే దేవుడు అతన్నీ పిలిచాడు, ముందు నువ్వే స్వయంగా విను అంది. విన్నాక వెస్లీ నోట వచ్చిన మాట, ఇదే అధ్యాయం చివర ఏలీ అన్నదే: ఆయన ప్రభువు, ఆయనకు ఏది మంచిదని తోస్తే అది చేయనీ.

మాది మహారాష్ట్రలోని సిరొంచ, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. ఒకప్పుడు చాందా జిల్లా, 1982 నుంచి గడ్చిరోలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండీ, మాడియా. విలియం బట్లర్ 1856లో ఉత్తరాదిన బరేలీలో మొదలుపెట్టిన అమెరికన్ మెథడిస్టుల పని ఆ శతాబ్దం చివరికి ఈ తెలుగు మూలకు చేరింది. ఎల్లందు వైపు పనిచేసిన మిషనరీ సి.బి. వార్డ్ లాంటివాళ్లు బస్తర్ దాకా నడిచిన కాలమది. 1981లో భారత మెథడిస్టు సంఘం స్వతంత్రమైంది. అప్పటికే ఇక్కడి పెద్దలు ఎంతోమంది యువకుల్ని సేవకు పంపారు.

మా పాస్టరుగారి సంగతి ఆయన అనుమతితోనే రాస్తున్నాను. కుర్రతనంలో ఎండాకాలమంతా బీడీలు చుట్టే తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టేవారు. సాయంత్రం ఒక అవ్వ ఇంటి అరుగు మీద బైబిలు చదివి వినిపించేవారు. ఆమెకు కళ్లల్లో శుక్లాలు. కీర్తనలు మాత్రం కంఠతా వచ్చు. తొందరలో ఎక్కడైనా దాటేస్తే వెంటనే, "మధ్యలో ఒక మాట మింగినవు బిడ్డా" అనేది. సేవకు పోతానంటే, "కల్లం పనికి ఒళ్లు వంగక అంటున్నవు. సీజన్ అయిపోనీ" అంది. మరుసటేడూ అదే జవాబు.

ఆ తర్వాత ఒక ఇంట్లో మరణం జరిగింది. అప్పటి పాస్టరు వేరే ఊళ్లో ఉన్నారు. ఈయన రాత్రంతా ఆ కుటుంబంతో కూర్చుని వాక్యం చదివారు. ఈసారి ఆయన ఏమీ అడగలేదు. అవ్వే మనవరాలి చెయ్యి పట్టుకొని పెద్దల సమావేశానికి వచ్చింది. "ఈ పిలగాణ్ని పంపండి. చదివేటప్పుడు ఎవరికి దుఃఖముందో వాళ్లవైపు తిరిగి చదువుతడు" అంది. కళ్లు కనబడని మనిషి ఆ సంగతి ఎలా కనిపెట్టిందో ఆయనకు ఇప్పటికీ తెలియదట. గొంతు ఎటు తిరిగిందో విని ఉంటుందని నేననుకుంటాను.

ఇప్పుడు మా సంఘంలో డిగ్రీ అయిపోయిన ఒక అమ్మాయి సేవ కోసం క్రైస్తవ వేదాంత విద్యకు వెళ్తానంటోంది. ముందు ఉద్యోగం చూసుకోమన్నారు పెద్దలు. రెండుసార్లు వెనక్కి పంపారు. అది తప్పని నేననను, ఏలీ కూడా పంపాడు. వచ్చే సమావేశంలో ఆమె పేరు మళ్లీ వస్తుంది, ఆ కమిటీలో నేనూ ఉన్నాను. అవునో కాదో తేల్చేముందు ఒక ఆదివారం ఆమెను వాక్యం చెప్పమని, మనమంతా కూర్చుని విందామని అడగబోతున్నాను.