రోడ్డు దాటే చోటు నుంచి మొదలయ్యే చదువు

నగర రూపకల్పన చదవాలనుకుంటున్నవారు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: ఈ కోర్సులో పర్యావరణానికి మేలు చేసే నగరాల గురించి నేర్పుతారా, లేక వృద్ధులు, వికలాంగులు, పిల్లలు అందరూ వాడుకోగల నగరాల గురించి నేర్పుతారా? పాఠ్యాంశాల పట్టిక చూస్తే ఇలా అడగడం సహజమే, ఎందుకంటే చాలాచోట్ల ఈ రెండూ వేర్వేరు సెమిస్టర్లలో, వేర్వేరు అధ్యాపకుల చేతుల్లో ఉంటాయి. ఈ చదువు చివరి దశలో ఉన్న నాకు మాత్రం, ఆ రెండు లక్ష్యాలు ఒకదానికొకటి అడ్డొచ్చే చోటనే అసలు విద్య ఉందని గట్టిగా అనిపిస్తోంది.

మా స్టూడియోలో, అంటే డిజైన్లు గీస్తూ నేర్చుకునే తరగతిలో, ఇచ్చిన ఒక అభ్యాసం గురించి కాస్త వివరంగా చెబుతాను. పాదచారులు రోడ్డు దాటే ఒకే ఒక్క చోటును ప్లాన్‌లోనూ (పైనుంచి చూసినట్టు) సెక్షన్‌లోనూ (నిలువుగా కోసి చూసినట్టు) 1:20 స్కేలుతో, అంటే అసలు కొలతలో ఇరవయ్యో వంతుగా, గీయాలి. ఫుట్‌పాత్ రోడ్డు కంటే 150 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. వీల్‌చైర్ దిగడానికి ర్యాంపు కావాలి. విస్తృతంగా పాటించే 1:12 వాలు (ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు) ప్రకారం దాని పొడవు 1,800 మిల్లీమీటర్లు అవుతుంది. ఫుట్‌పాత్ వెడల్పే అంత ఉంటే ర్యాంపు దానినంతటినీ ఆక్రమిస్తుంది, దాంతో రోడ్డు దాటకుండా నేరుగా వెళ్లేవారు కూడా ఏటవాలు మీద అడ్డంగా నడవవలసి వస్తుంది. పక్కన నీడనిచ్చే చెట్టు ఉంది. దాని వేళ్లకు గాలి, నీరు అందేలా మట్టి వదిలిపెట్టాలి. ఇక జాగా ఎక్కడిది?

అప్పుడు ర్యాంపు మానేసి, దాటే చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపుదామన్న ఆలోచన వస్తుంది. వాహనాలు నెమ్మదిస్తాయి, వీల్‌చైర్లు, పసిపిల్లల బండ్లు ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా సాగిపోతాయి. అయితే తెల్లకర్రతో నడిచే వ్యక్తికి ఫుట్‌పాత్ ఎక్కడ ముగిసిందో చెప్పే అంచు దీనితో మాయమవుతుంది, కాబట్టి అక్కడ పాదానికీ కర్రకూ తెలిసేలా బొడిపెల పలకలు పరచాలి. ఆ సమస్య తీరిందనుకునేలోపు వాన నీరు ముందుకొస్తుంది. రోడ్డు అంచు వెంట పారే నీటికి ఈ ఎత్తు చిన్న ఆనకట్టలా అడ్డుపడుతుంది. దానికి ఎగువనే ఆ నీటిని లోపలికి తీసుకునే జాలీ పెట్టాలి, లేదా చెట్టు పాదులోకి మళ్లించాలి. జాలీ పెడితే దాని సందుల్లో చక్రమో కర్ర కొనో ఇరుక్కోకుండా అది నడిచే దారికి పక్కన ఉండాలి. పాదులోకి మళ్లిస్తే కొంత నీరు నేలలోకి ఇంకుతుంది, చెట్టు బతుకుతుంది, నిలబడి ఎదురుచూసేవారికి నీడ దొరుకుతుంది. ఇన్ని పనులు ఒకే గీతతో నెరవేరే పరిష్కారం కాగితం మీద తేలినప్పుడు కలిగే సంతోషం ఎంతటిదో నేను మాటల్లో చెప్పలేను.

ఈ చిన్న చోటుకు పెద్ద చరిత్రే ఉంది. పోలియో బారిన పడిన బ్రిటిష్ ఆర్కిటెక్టు సెల్విన్ గోల్డ్‌స్మిత్, వీల్‌చైర్ వాడేవారిని కలిసి వారి ఇబ్బందులు అడిగి తెలుసుకున్నారు. ఆ కృషి ఫలితంగా 1967లో ఇంగ్లండ్‌లోని నార్విచ్ నగరంలో ఫుట్‌పాత్ అంచులను కిందికి దించారు. అదే ఏడాది జపాన్‌లోని ఒకయామాలో, అంధుల పాఠశాల సమీపంలో, సెయీచి మియాకే రూపొందించిన స్పర్శ పలకలను మొదటిసారి పరిచారు. ఒకరు అంచును తొలగించారు, మరొకరు అంచును పాదానికి తెలియజేశారు. నేటి డిజైనర్ ఈ రెండింటినీ ఒకే చోట ఇమడ్చాలి. చదువులో ఈ చరిత్రను కేవలం తేదీలుగా కాక, ఎవరి అవసరం ఎవరికి ఇబ్బంది కావచ్చో గుర్తించే క్రమంగా చెప్పినప్పుడే అది డ్రాయింగు బల్ల దగ్గర పనికొస్తుంది.

నేల కప్పే పదార్థాల విషయంలోనూ ఇదే చిక్కు. వదులుగా పరచిన కంకరలో నీరు చక్కగా ఇంకుతుంది గానీ వీల్‌చైర్ కూరుకుపోతుంది. నీటిని పీల్చే గట్టి పలకలు రెండు అవసరాలనూ తీరుస్తాయి, కానీ వాటి రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోకుండా శుభ్రం చేసే ఏర్పాటు ఉండాలి. ఆ నిర్వహణ ఎవరిదో డ్రాయింగులోనే రాయమని పట్టుబట్టే అధ్యాపకులంటే నాకు అపారమైన గౌరవం.

అందరినీ కలుపుకోవడం అంటే వైకల్యం ఒక్కటే కాదని చెప్పడానికి మా తరగతిలో వియన్నా పార్కులను చూపించారు. బాలికలు కాస్త పెద్దయ్యాక పార్కులకు రావడం తగ్గిపోతోందని 1990ల రెండో భాగంలో అక్కడ గమనించారు. 1999లో రెండు పార్కులను మార్చి, విశాలమైన ఆటస్థలాలను చిన్న భాగాలుగా విడదీసి, వాలీబాల్, బ్యాడ్మింటన్ వంటి ఆటలకు చోటిచ్చి, నడకదారులు మెరుగుపరిచారు. బాలికలు తిరిగి వచ్చారు. అంతవరకూ ఆ స్థలాన్ని ఎవరు వాడుతున్నారో చూసిన డిజైనర్లు, ఎవరు రావడం మానేశారో లెక్కపెట్టడంతో మార్పు మొదలైంది. స్థలాన్ని పరిశీలించడానికి వెళ్లే ప్రతి విద్యార్థీ ఈ అలవాటు చేసుకోవాలని నా కోరిక.

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో పదకొండవది నగరాలకు సంబంధించినది. అందులోని ఒక ఉపలక్ష్యం, 2030 నాటికి మహిళలకు, పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు ప్రత్యేక ప్రాధాన్యంతో, భద్రమైన, అందుబాటులో ఉండే, పచ్చని బహిరంగ స్థలాలు అందరికీ దక్కాలంటుంది. పచ్చదనాన్నీ అందుబాటునూ అక్కడ ఒకే వాక్యంలో కోరారు. మన పాఠ్యక్రమాలు మాత్రం వాటిని విడదీసి బోధిస్తున్నాయి.

ఈ వేర్పాటు పాత భవనాల దగ్గర మరింత బాధ కలిగిస్తుంది. సిమెంట్ తయారీలో సున్నపురాయిని కాల్చినప్పుడు ఇంధనంతో సంబంధం లేకుండా ఆ రాయి నుంచే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అందుకే ఉన్న భవనాన్ని కూల్చకుండా మళ్లీ వాడుకోవడం వాతావరణానికి మంచిది. అయితే ఆ భవనం ప్రవేశద్వారానికి ముందు పది మెట్లున్నాయనుకుందాం. మెట్లను అలాగే ఉంచి వెనకవైపు సామాన్లు దించే తలుపు దగ్గర ర్యాంపు పెట్టడం సులభం. కానీ ఒకరిని ముందునుంచీ, మరొకరిని వెనకనుంచీ రానిచ్చే భవనాన్ని నేను మంచి డిజైన్ అని ఒప్పుకోలేను. వీల్‌చైర్ వాడిన ఆర్కిటెక్టు రొనాల్డ్ మేస్ నాయకత్వంలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో 1997లో రూపొందిన ఏడు సార్వత్రిక డిజైన్ (అందరూ వాడుకోగల డిజైన్) సూత్రాలలో మొట్టమొదటిదే సమాన వినియోగం: సాధ్యమైనంతవరకు అందరికీ ఒకే మార్గం ఉండాలి.

కోర్సు ఎంచుకునేవారు ప్రవేశ పుస్తికలోని ఆశయాల పేజీతో ఆగిపోకుండా, గత సంవత్సరాల స్టూడియో అభ్యాస పత్రాలు అడిగి చదవాలి. చూపులేనివారు, వీల్‌చైర్ వాడేవారు, వృద్ధులు ఆ స్టూడియోకు ఏ దశలో వస్తున్నారో కనుక్కోవాలి. చివరి జ్యూరీలో, అంటే విద్యార్థుల పనిని పరీక్షకులు చూసి మదింపు చేసే సభలో, పూర్తయిన మోడల్ చూపించడానికి పిలిస్తే, అప్పటికి మార్చగలిగేది చాలా తక్కువ. మొదటి వారంలో, ఇంకా ఒక్క గీత కూడా పడకముందే, వారితో కలిసి స్థలం చూడటానికి వెళ్లే కోర్సు ఎక్కడ కనిపించినా అక్కడ చేరమని నేను నిస్సందేహంగా చెబుతాను.