కాలువ గట్టుకు కొబ్బరి పీచు వల

కోనసీమలో మా ఊరి కాలువ గట్టు కోసుకుపోతుంటే, ఈసారి సిమెంటు గోడకు బదులు కొబ్బరి పీచుతో నేసిన వలను వాలు మీద పరిచి, దాని సందుల్లో గడ్డి నాటారు. పీచులో లిగ్నిన్ (మొక్కలకు గట్టిదనమిచ్చే, త్వరగా కుళ్లని పదార్థం) ఎక్కువ కాబట్టి అది తడి మట్టిలోనూ కొన్నేళ్లు నిలుస్తుంది. అది కుళ్లి మట్టిలో కలిసేనాటికి గడ్డి వేళ్లు అల్లుకుని గట్టును పట్టి ఉంచుతాయి. తన పని ముగిశాక చెత్తగా మిగలని వస్తువును రూపొందించడమే నన్ను బాగా ఆకట్టుకుంది. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి డొక్కలు గుట్టలుగా పడి ఉండగా ప్లాస్టిక్ వల తెప్పించడం విడ్డూరమే కదా! ప్రవాహం బలంగా తాకే మలుపుల్లో మాత్రం ఇది చాలదు, రాతికట్టు తప్పదు. గేదెలు దిగే రేవును ఖాళీగా వదలమని ఒక రైతు అడగగా, ఇంజనీరుగారు వెంటనే నక్షా మార్చారు.