కొన తుంచితేనే గుబురు

ఆదివారం. వంట పెందలాడే అయిపోయింది, కత్తెర పట్టుకుని మేడెక్కాను. వానలు తెరిపిచ్చాయి, పొద్దున్న పూట గాలి చల్లబడింది. మా వైజాగ్‌లో గులాబీలు కత్తిరించడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

కడియం నుంచి తెచ్చిన ఎర్ర గులాబీ ఒకటే కొమ్మగా నడుమెత్తు లేచింది. కొసన ఒక్క మొగ్గ, కిందంతా బోడి. కత్తెర దాని దగ్గరికి వెళ్ళేసరికి అత్తయ్య వెనకనుంచి, "రేపు కార్తీక సోమవారం అమ్మాయ్, శివుడికి ఆ ఒక్క పువ్వూ ఉండనీ" అన్నారు. "ఉంచుతానత్తయ్యా, కానీ రేపు మీరు కొయ్యకండి, నేను కోసిస్తాను" అన్నాను.

పువ్వు కోసే తీరులోనే ఉంది అసలు సంగతంతా. మనవాళ్ళు తొడిమ దగ్గర తుంచేసి ఊరుకుంటారు. ఆ కొమ్మ సన్నగా పైపైకే సాగుతుంది. కొనలోని చిగురు ఆక్సిన్ అనే హార్మోన్ని తయారుచేసి కిందికి పంపుతుంది, అది పక్క కణుపుల్ని లేవనివ్వదు. కొన తీసేస్తే ఆ అదుపు పోయి, కింద రెండు మూడు కణుపులు ఒక్కసారే చిగురిస్తాయి. అందుకే పువ్వుతోపాటు కొమ్మనీ కిందికంటా, అయిదు రెక్కల ఆకు దాకా కోయాలి. లేత కొమ్మలకైతే కత్తెర కూడా అక్కర్లేదు, కొన గోటితో గిల్లేస్తే చాలు.

మిగతా కుండీల పని ఇవాళే పట్టాను. ఆకు కాడ కొమ్మని అంటుకున్న చోట బియ్యపు గింజంత ఎర్రటి కన్ను కనిపిస్తుంది, చిగురు లేచేది అక్కణ్ణుంచే. చెట్టు బయటివైపు చూసే కన్ను వెతుక్కుని, దానికి పావంగుళం పైన ఏటవాలుగా కోశాను. లోపలివైపు కన్నుని నమ్ముకుంటే కొమ్మలు నడిమధ్యలో చిక్కుపడి గాలాడదు, ఆకుల మీద నల్లమచ్చ పట్టుకుంటుంది. ఒక కొమ్మ కోసి చూస్తే లోపల గోధుమరంగు. తెల్లటి బెండు కనబడేదాకా కిందికి కోస్తూ వెళ్ళి, గాయానికి పసుపు ముద్ద పెట్టాను.

పసుప్పచ్చ గులాబీకి అంటు కింద నుంచి ఓ కొమ్మ బలంగా వచ్చింది. ఏడు రెక్కల ఆకులుంటే అడవి కొమ్మ, అంటే అంటు కట్టిన అడుగు మొక్కది, అంటారు కానీ ఆ గుర్తుని నమ్మలేం. ఎక్కడ పుట్టిందో మట్టి తీసి చూడాల్సిందే. ఇది అంటు కిందదే కాబట్టి ఆ కొమ్మని మొదలంటా పీకేశాను.

చిగుళ్ళు కనబడ్డాక గుప్పెడు వర్మీకంపోస్టు, కాస్త వేపపిండి. యూరియా జోలికి మాత్రం పోను. కొమ్మ ఏపుగా సాగుతుందే గానీ గట్టిపడదు, పేనుబంక ఎగబడుతుంది.

"మళ్ళీ పూసేదెప్పుడు?" అన్నారు అత్తయ్య. ఏడెనిమిది వారాలు, సంక్రాంతికి చేతినిండా కోసుకోవచ్చన్నాను.

ట్యాంకు పక్కనున్న పింక్ గులాబీ మిగిలింది. దానికి మధ్యాహ్నం దాకా నీడే. ఆరు గంటల ఎండ లేనిదే ఎంత కత్తిరించినా గుబురు రాదు. ముందు దాని కుండీ తూర్పు గోడవైపు జరపాలి, సాయంత్రం ఆయన వచ్చాక పట్టమంటాను.