జంటసొన గుడ్డును పొదిగించి చూసిన నా అనుభవం

కావలి దగ్గరి మా ఊళ్లో పెరటి కోళ్లు పెంచుతున్నాను. మొన్న మాఘమాసంలో, కొత్తగా గుడ్లకు వచ్చిన ఒక నాటు పెట్ట తక్కిన వాటికంటే బాగా పెద్ద గుడ్లు పెట్టసాగింది. అట్టు వేయడానికి ఒకటి పగలగొడితే లోపల రెండు పచ్చసొనలు కనిపించాయి. లేత పెట్టల్లో అండాశయం ఇంకా క్రమానికి రాకపోవడం వల్ల రెండు సొనలు కొద్ది తేడాలో విడుదలై, ఒకే తెల్లసొనలో, ఒకే పెంకులో చేరిపోతాయి.

మిగిలిన పెద్ద గుడ్లను చీకటి గదిలో టార్చి వెలుగుకు ఆనించి చూస్తే రెండింటిలో సొనల నీడలు జంటగా తెలిశాయి. కవల పిల్లలు పుడతాయన్న ఆశతో, "అవి పొదుగుకు పనికిరావమ్మాయ్, కూరకు వాడుకో" అని మా అత్తమ్మ చెప్పినా వినకుండా, మరో తొమ్మిది మామూలు గుడ్లతో కలిపి వాటిని వరిగడ్డి పరిచిన గంపలో పొదుగుపెట్ట కింద ఉంచాను.

పచ్చసొనే పిల్లగా మారుతుందని చిన్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. నిజానికి పిల్ల తయారయ్యేది సొన మీద ఉండే చిన్న తెల్లని చుక్క నుంచి. పచ్చసొన దానికి ఆహారం, తెల్లసొన నీటినీ మాంసకృత్తులనూ అందించే కాపుదల. ఏడో రోజు టార్చితో చూసినప్పుడు ఒక జంటసొన గుడ్డు ఖాళీగానే ఉంది. రెండోదానిలో మాత్రం సాలీడు కాళ్లలా పాకిన ఎర్రని నరాల నడుమ రెండు నల్లని చుక్కలు కనిపించాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పద్నాలుగో రోజుకు ఆ నరాలు మాసిపోయాయి, లోపల కదలిక లేదు. ఇరవై ఒకటో రోజున మామూలు గుడ్లలో ఎనిమిది పిల్లలయ్యాయి. నేను బాధతోనే ఆ పెద్ద గుడ్డును పగలగొట్టి చూశాను. సగం ఎదిగిన రెండు పిండాలు ఒకదానికొకటి ఒరిగి ఉన్నాయి. గుడ్డు పైకి పెద్దదిగా కనిపించినా రెండు పిల్లలు ఎదగడానికి చోటూ గాలీ అందులో చాలవు. పొదుగు చివరి రోజుల్లో పిల్ల మెడ తిప్పి గుడ్డు లావు వైపున్న గాలి గదిలోకి ముక్కు పెట్టాలి. ఇద్దరికీ ఆ వీలు దొరకదు.

ఆ పెట్ట నెల తిరిగేసరికి ఒంటి సొన గుడ్లే పెట్టసాగింది. ఇప్పుడు పొదుగుకు మధ్యరకం గుడ్లనే ఏరి, పెద్దవాటిని అత్తమ్మ చేతికి ఇస్తున్నాను.